పోలండుకు నేను రాయని ముందుమాట

మా బావమరిది రాసిన నవల మొదటి పుటల్లో నా పేరు మీద ఒక ముందుమాట ఉంది. దాన్ని నేను ముందుమాటగా రాయలేదు. ముందుమాట రాయనని చెప్పడానికి రాశాను. ఈ తేడాను వివరించబోయిన ప్రతిసారీ ఎదుటివారు నవ్వి, "ఎట్ల రాసినా బాగుండాది సార్" అంటున్నారు. ఆ నవ్వు నాకు భరించరానిదిగా ఉంది కనుక, జరిగినది జరిగిన క్రమంలో ఒకచోట పెట్టదలచుకున్నాను.

నేను చిత్తూరులోనూ తరువాత తిరుపతిలోనూ కళాశాలల్లో చరిత్ర బోధించి విరమించినవాణ్ని. నా దగ్గర చదివినవారు నన్ను గుర్తుపెట్టుకున్నది ఒక్క విషయానికే: తేదీ లేని వాక్యానికి నేను మార్కు వేయను. "పూర్వం", "ఆ రోజుల్లో", "చాలాకాలం పాటు" అన్న మాటలు జవాబుపత్రంలో కనిపిస్తే ఎర్రసిరాతో చుట్టి పక్కన ప్రశ్నార్థకం పెట్టేవాణ్ని. మనుషుల జ్ఞాపకం మీద నాకు నమ్మకం తక్కువ. వారి ఉద్దేశాల మీద మరీ తక్కువ. ఒక సంఘటన ఏ సంవత్సరంలో జరిగింది, ఎంత పన్ను వేశారు, ఎంత సైన్యం నడిచింది అన్నవి తేలితే, మిగిలినది ఎవరికి తోచినట్టు వారు చెప్పుకోవచ్చు.

మా బావమరిది, అంటే నా భార్యకు తమ్ముడు, సరిగ్గా ఆ మిగిలినదాని మీదనే బతికే మనిషి. నగరిలో మరమగ్గాలు నడిపాడు. మోకాళ్లు సహకరించక మగ్గాలు అమ్మేసి, షెడ్డు మాత్రం ఉంచుకున్నాడు. చిన్నతనంలో తపాలా బిళ్లలు సేకరించేవాడు. మద్రాసు నుంచి తెప్పించుకున్న పొట్లాలలో పోలండు బిళ్లలే ఎక్కువగా ఉండేవట. పెద్దవి, రంగులవి; గుర్రాలు, ఓడలు, వీపుకు ఈకల రెక్కలు కట్టుకున్న రౌతులు. ఆ తరువాత బడిలో పంతొమ్మిదో శతాబ్దపు ఐరోపా పటం చూస్తే అందులో ఆ దేశమే లేదు. ఈ సంగతి నా పెళ్లయిన కొత్తలో నాకు చెప్పాడు. నేను వెంటనే వివరించాను: 1772, 1793, 1795. మూడు విడతల్లో రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా పంచుకున్నాయి. మళ్లీ 1918 దాకా పటం మీద పోలండు లేదు. అతడు శ్రద్ధగా విన్నాడు. విషయం అంతటితో ముగిసిందనుకున్నాను.

ముగియలేదు. మగ్గాలు ఆగిపోయాక అతడు చేసిన పని ఏమిటంటే, ఆ పంపకాలు జరగకుండా ఆపడం. ఒక ఆదివారం నగరి నుంచి పుత్తూరు మీదుగా వచ్చే బస్సు దిగి, స్పైరల్ బైండింగ్ చేయించిన లావుపాటి ప్రతిని తిరుపతిలో మా భోజనాల బల్ల మీద పెట్టాడు. పదిహేడో శతాబ్దంలో పోలండు పడిపోవడానికి బదులు పైకి లేచి, పద్దెనిమిదో శతాబ్దం చివరికి ఐరోపాలో అందరినీ మించిన రాజ్యమయ్యే కథ.

"బావా, చదువు. తప్పులుంటే దిద్దు. ముందుమాట నువ్వే రాయల్ల," అన్నాడు.

మన వైపు పుస్తకాలకు ముందుమాట ఎంత అవసరమో పాఠకులకు చెప్పనక్కరలేదు. పెద్దవాడొకడు ముందు నిలబడి రెండు మాటలు చెప్పకుండా ఏ పుస్తకమూ బయటికి రాదు. కొన్నిటికి ముగ్గురు నలుగురు నిలబడతారు. నాకు తెలిసిన విశ్రాంత ఉద్యోగులలో కొందరు పుస్తకం చదవకుండానే ముందుమాటలు రాసి ఇస్తారు. నేను ఇంతవరకు రాసినవి మూడే. మూడూ శాసనాల మీద వచ్చిన పుస్తకాలు. ప్రతి తేదీ నేను సరిచూసినదే.

చదివాను. చెప్పక తప్పదు, మొదటి భాగం నన్ను ఆశ్చర్యపరిచింది. 1569లో పోలండు, లిథువేనియా ఏకం కావడం, 1572లో వారసుడు లేకుండా రాజు చనిపోవడం, 1573లో వేలాది మంది కులీనులు ఒక మైదానంలో చేరి ఓట్లతో కొత్త రాజును ఎన్నుకోవడం, ఆ రాజు ఫ్రాన్సులో తన అన్న చనిపోయాడని తెలియగానే 1574లో చెప్పకుండా పారిపోవడం, 1610లో మాస్కో నగరం పోలండు చేతికి చిక్కడం, అన్నీ సరిగ్గా ఉన్నాయి. నాలుగు చోట్ల మాత్రమే పెన్సిలు పెట్టాను. ఆ పుటలను చదువుతూ, మగ్గాల షెడ్డులో కూర్చుని మనిషి ఇంత చదివాడా అని గౌరవం కలిగింది. అందువల్లనే తరువాతి పుటలు మరింత కోపం తెప్పించాయి.

1652లో వార్సాలో ప్రతినిధుల సభ జరుగుతోంది. గడువు కొంచెం పొడిగించాలని ప్రతిపాదన వచ్చింది. ఒకే ఒక్క ప్రతినిధి "నేను ఒప్పుకోను" అని చెప్పి వెళ్లిపోయాడు. ఒక్కరు కాదన్నా నిర్ణయం చెల్లదన్నది అక్కడి సిద్ధాంతం. కనుక సభ చెదిరిపోయింది. ఆ ఒక్క మాట తరువాతి వందేళ్లు ఆ దేశాన్ని తినేసింది. పన్ను వేయాలన్నా, సైన్యాన్ని పెంచాలన్నా ఎవడో ఒకడు లేచేవాడు. పొరుగు రాజ్యాలు అటువంటి ఒకణ్ని డబ్బిచ్చి కొనుక్కుంటే సరిపోయేది. 1791లో ఆ పద్ధతిని రద్దు చేశారు, కాని అప్పటికే మించిపోయింది. ఇది చరిత్ర.

నవలలో ఆ ప్రతినిధి లేచి "నేను ఒప్పుకోను" అంటాడు. సభాధ్యక్షుడు కళ్లద్దాల మీదుగా చూసి, "నీ మాట రాసుకున్నాం. కూర్చో," అంటాడు. అతడు కూర్చుంటాడు. సభ సాగుతుంది. అక్కడి నుంచి వందల పుటలు, పోలండు ఎదుగుతూనే ఉంటుంది.

ఫోను చేసి అడిగాను.

"అతను ఎందుకు కూర్చున్నాడు?"

"కూసోమన్నారు గదా బావా."

"ఒక వ్యవస్థ మొత్తం కూర్చోమంటే మారిపోతుందా? ఆధారం ఏమిటి?"

"మా సంఘం ఆధారం. మరమగ్గాలోళ్లం నూలు ధర ఎక్కినప్పుడల్లా కూసుంటాం, గుడ్డ ధర ఎంతకు కట్టల్ల అని. కూసున్న ప్రతిసారీ ఒకడు లేస్తాడు, నేనొప్పుకోను పొమ్మంటాడు. మా పెద్దాయన కోపం చెయ్యడు, బతిమాలడు. 'నీ మాట రాసుకున్నాం నాయనా, కూసో' అంటాడు. వానికి ఇంగేం కావల్ల? రాసుకున్నారు గదా! కూసుంటాడు. ధర కట్టేసి, టీ తాగి పోతాం."

"వార్సా నగరి కాదు."

"మనుషులే గదా బావా ఆడ కూడా."

"పదిహేడో శతాబ్దపు సభ కార్యక్రమాలకు నగరి మగ్గాల సంఘం ఆధారం కాదు!"

"సరే, నీ మాట రాసుకున్నా," అని ఫోను పెట్టేశాడు.

ఆ తరువాతి వారాల్లో మా ఇంట్లో శాంతి లేదు. నా అభ్యంతరం చాలా సరళమైనది. 1652 తరువాత ఆ పుస్తకంలోని ఒక్క తేదీలోనూ జరిగింది జరిగినట్టు లేదు. జరగని తేదీలున్న పుస్తకానికి నా పేరు ముందు పెడితే, నేను ఇన్నేళ్లు ఎర్రసిరాతో చేసిన పనికి అర్థమేమిటి? నా దగ్గర చదివినవారు ఈ జిల్లాలో చాలామంది ఉన్నారు. వారిలో ఏ ఒక్కడైనా "సారే చెప్పారు" అని పోలండు స్వీడన్‌ను ఓడించి బాల్టిక్ సముద్రాన్ని ఏలిందని నమ్మితే, ఆ బాధ్యత నాది. ఒక మధ్యేమార్గం సూచించాను: 1652 ఘట్టం దగ్గర పుట మధ్యలో "ఇక్కడి నుంచి కల్పన" అని ఒక పంక్తి అచ్చువేయమన్నాను.

"సినిమా మధ్యలో లైట్లేసినట్లుంటాది బావా," అన్నాడు.

నా భార్యకు ఇది అర్థం కాలేదు. అర్థం కాకపోవడం అనడం కన్నా, అర్థం చేసుకోవడానికి నిరాకరించింది అనడం సరైనది.

"పెళ్లిపత్రికలో మీ పేరేసుకుంటారు. పిల్లోడు మంచోడని మీరు పూచీ ఇచ్చినట్లా? వాడు అడిగింది గూడా అంతే. రెండు పుటలు రాసిస్తే ఏం పోతాది?"

"పెళ్లిపత్రికలో కనీసం తేదీ నిజంగా ఉంటుంది," అన్నాను.

"మీతో మాట్లాడేదానికంటే రోలుతో మాట్లాడేది మేలు," అని లోపలికి వెళ్లింది. ఆనాటి కూరలో ఉప్పు లేదు. అది మరుపు అని నేను అనుకోవడం లేదు.

ఒకసారి ముగ్గురం చంద్రగిరి కోటకు వెళ్లాం. రాజమహలు ముందు పచ్చికలో కూర్చున్నప్పుడు మనసులో ఉన్నది అడిగేశాను. ఒక రాజ్యాన్ని నిలబెట్టాలనే కోరిక అంతగా ఉంటే అంత దూరం ఎందుకు, ఎదురుగా ఉన్నదాన్ని నిలబెట్టవచ్చు కదా అన్నాను. 1565లో రాక్షసి తంగడి దగ్గర ఓడిన విజయనగరం పెనుగొండకు, అక్కడి నుంచి ఇక్కడికి జరిగింది. 1639లో చెన్నపట్నం చోటు ఇంగ్లీషువారికి ఇచ్చినది ఈ చివరి రాజుల కాలంలోనే. ఆ పత్రం ఈ కోటలోనే రాశారని ఊళ్లో చెప్పుకుంటారు. నాకు దానికి గట్టి ఆధారం దొరకలేదు, అందుకని అంతవరకే చెబుతాను. ఏమైనా, ఆ ఒక్క సంతకం ఆపితే ఎంత కథ అవుతుందో ఊహించుకోమన్నాను.

అతడు కోట గోడలకేసి చూసి తల అడ్డంగా ఊపాడు.

"అది రాస్తే మనోళ్లు కొట్టుకుంటారు బావా. ఆ పాళెగాడు ఏ కులం, ఈ సేనాపతి ఏ కులం, మా తాతను ఎందుకు దొంగను చేసినావు అని నా షెడ్డు మీదికొస్తారు. పోలండైతే ఎవురికీ నొప్పి లేదు. నగరిలో పోలండోళ్లు యాడుండారు?"

"కులం అడుగుతారని దేశాన్నే మార్చేశావా?"

"ఆడ గూడా ఉండాది లేబ్బా. కులీనులంటే ఏంది మరి? వాళ్లు లేస్తేనే సభ చెదిరేది, కూలోడు లేస్తే ఎవురు చెదురుతారు? దాన్నే రాసినా. దూరంగా ఉండే ఊరైతే చదివేటోడు కోపం లేకుండా చదువుతాడు. తరవాత వాడే ఆలోచిస్తాడు."

ఈ మాట నన్ను చికాకు పెట్టింది. దానికి నా దగ్గర తేదీ లేదు. నా భార్య మాత్రం పల్లీల పొట్లం విప్పుతూ, "మన జిల్లాను మూడు ముక్కలు చేసినప్పుడు ఎవురన్నా లేసి ఒప్పుకోనన్నారా?" అంది. ఆమె పుట్టిన ఊరు ఒక జిల్లాలో, మేమున్న ఊరు ఇంకొక జిల్లాలో పడ్డాయి. 2022 ఏప్రిల్ 4 అని గుర్తుచేశాను. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వారు. అందులో నవ్వవలసినది ఏముందో నాకు తెలియదు.

అచ్చుకు వేళ అయింది. తిరుపతిలో డీటీపీ చేసే అమ్మాయి నాకే ఫోను చేసింది. "సార్, మీ ముందుమాటకని నాలుగు పేజీలు ఖాళీ పెట్టినాము. అదొస్తే మెషినుకు పోతాది. అంతా మీ కోసమే ఆగుండాము సార్." నేను రాయడం లేదని, ఆ పేజీలు తీసేసి అచ్చు వేసుకోమని చెప్పాను. సాయంత్రానికి నగరి నుంచి ఫోను వచ్చింది.

"నువ్వు రాయకుంటే పుస్తకమే వద్దులే బావా."

"ఇంకెవరినైనా అడుగు. తిరుపతిలో ముందుమాటలు రాసేవారు వీధికి ఇద్దరున్నారు."

"వాళ్లు చదవరు. నువ్వు చదివినావు. చదివినోడు వద్దంటే ఇంగ అది పుస్తకమా? షెడ్డులో పెట్టేస్తా. చెదలు చదువుకుంటాయి."

కోపంతో అన్న మాట కాదది. అలా అని ఉంటే నాకు సులభంగా ఉండేది. చాలా మామూలుగా, పాత నూలు కండెలు పక్కన పెట్టేస్తున్న మనిషిలా అన్నాడు. దానితో భారం మొత్తం నా మీద పడింది. నేను ఒక పుస్తకానికి నా పేరు ఇవ్వనన్నానే తప్ప దాన్ని ఆపమనలేదు. ఆపినది నేనే అయ్యాను. నా భార్య రెండు రోజులు నాతో "ఊ", "ఊహూ" అన్న రెండు మాటలే మాట్లాడింది. మూడో రోజు అన్నం వడ్డిస్తూ అంది: "అందురూ సరేనన్నారు. ఒక్కరు లేసి వద్దన్నారు. వాని పుస్తకంలో గూడా ఇదే గదా కథ?"

పోలిక సరికాదు. సభ వేరు, సంతకం వేరు. ఎన్నో కారణాలు చెప్పగలను. ఆమె వినడానికి నిలబడలేదు.

అయినా ప్రయత్నించాను. నిజాయితీగా ప్రయత్నించాను. "ఈ నవల చరిత్ర కాదు" అని మొదటి వాక్యం రాశాను. అది నిజం. రెండో వాక్యం "చరిత్ర ఆధారంగా అల్లినది" అని రాసి కొట్టేశాను, ఎందుకంటే 1652 తరువాత ఆధారం లేదు. "చరిత్రకు దగ్గరగా నడిచే" అని రాసి కొట్టేశాను. "జరిగి ఉండవచ్చు అనిపించే" అని రాశాను. ఎవరికి అనిపించే? నాకు అనిపించలేదు. కొట్టేశాను. బల్ల మీద కొట్టివేతలు తప్ప ఏమీ మిగలలేదు. ఇన్నేళ్ల బోధనలో ఏ విద్యార్థి జవాబుపత్రమూ నన్ను ఇంతగా ఓడించలేదు.

చివరికి విసిగిపోయి, కాగితం మధ్యలో నిలువుగా ఒక గీత గీశాను. ఎడమవైపు "నవలలో" అనీ, కుడివైపు "జరిగినది" అనీ రాశాను. మన పుస్తకాల చివర తప్పొప్పుల పట్టిక వేస్తారు కదా, ఆ పద్ధతిలో. 1652 నుంచి మొదలుపెట్టాను.

ఎడమవైపు: 1652, అభ్యంతరం నమోదైంది, సభ సాగింది. కుడివైపు: 1652, సభ చెదిరింది.

ఎడమవైపు: 1655, స్వీడన్ సైన్యం సరిహద్దులోనే ఆగింది. కుడివైపు: 1655, వార్సా శత్రువు వశమైంది.

ఎడమవైపు: 1683, వియన్నాను కాపాడి, ప్రతిఫలంగా ఆస్ట్రియా నుంచి సిలీసియా ప్రాంతాన్ని తీసుకుంది. కుడివైపు: 1683, వియన్నాను కాపాడింది. భూమి ఏదీ దక్కలేదు.

ఎడమవైపు: 1772, విస్తులా నది పడవల సుంకం మీద సభలో వాదన. కుడివైపు: 1772, మొదటి పంపకం.

ఇలా పట్టిక చివరికి వచ్చాను. ఎడమవైపు: 1795, సభ యథావిధిగా సమావేశమైంది. నవల అక్కడే ముగుస్తుంది. ఐరోపాలో అందరికన్నా గొప్పదైన ఆ రాజ్యంలో, ఒక మామూలు రోజున, ఎవరో అభ్యంతరం చెబుతారు, రాసుకుంటారు, సభ భోజనానికి లేస్తుంది. కుడివైపు నేను రాసినది: 1795, దేశం లేదు.

అడుగున ఒక వాక్యం చేర్చాను: "ముందుమాట రాయలేను. నేను పూచీ పడగలిగినది కుడివైపు వరుసకు మాత్రమే." సంతకం చేసి నగరికి పంపాను. ఇది తిరస్కారమని చదవగలిగిన ఎవరికైనా అర్థమవుతుందని అనుకున్నాను.

నగరి నుంచి జవాబు లేదు. కొన్నాళ్లకు ఆవిష్కరణ ఆహ్వానం వచ్చింది. అతడు మనసు మార్చుకుని ముందుమాట లేకుండానే అచ్చు వేశాడని సంతోషించాను. నిజంగా సంతోషించాను. గుండెల మీది బరువు దిగినట్టయింది.

తిరుపతిలో ఒక కల్యాణమండపం పైన ఉన్న చిన్న హాలు. నగరి నుంచి మగ్గాలవారు ఒక వ్యాను నిండా వచ్చారు. నా చేతికి ఒక ప్రతి ఇచ్చారు. అట్ట మీద ఈకల రెక్కల రౌతు. తెరిచాను. మొదటి పుట మీద పెద్ద అక్షరాలతో "ముందుమాట". కింద నా పట్టిక. నిలువు గీతతో సహా. అడుగున నా వాక్యం, నా పేరు, నా పాత హోదా.

వేదిక మీద ఉన్న బావమరిదిని పిలవలేను. సైగ చేశాను. చేతులు జోడించి నమస్కారం పెట్టాడు. ఇంతలో వారి సంఘం పెద్దాయన, "నీ మాట రాసుకున్నాం" అనే ఆ పెద్దాయన, మైకు అందుకుని, నేను నగరికి పంపిన కాగితాన్నే చేత పట్టుకుని నా పట్టికను బయటికి చదవడం మొదలుపెట్టాడు. ఎడమవైపు ఒకటి, కుడివైపు ఒకటి, వరుస తప్పకుండా. మొదట జనం నవ్వారు. 1772 దగ్గర నవ్వు ఆగింది. "1795, దేశం లేదు" అని చదివి ఆయన కాగితం దించాడు. వెనక వరుసలో ఒకామె "అయ్యో పాపం" అంది, పక్కింట్లో ఎవరో పోయినట్టు. నేను ఆ వరుసను జాలి కోసం రాయలేదు. జాలికి అందులో చోటే లేదు. అంకెలు తప్ప ఏమీ లేవు.

కాఫీ దగ్గర బావమరిది దొరికాడు.

"నా అనుమతి లేకుండా ఎట్లా వేశావు?"

"అడిగితే ఒప్పుకోవు గదా బావా."

"అది ముందుమాట కాదు! రాయనని స్పష్టంగా రాశాను. చదవడం రాదా?"

"వచ్చు గనకనే వేసినా. నా పుస్తకాన్ని ఇంత బాగా ఎవురు చదివినారు బావా? తప్పు పట్టల్లంటే ప్రతి పుటా తిప్పల్ల. పొగిడేటోళ్లు రెండు పుటలు చూసి రాస్తారు. నువ్వు కడదాకా వచ్చినావు." కాఫీ గ్లాసు నా చేతిలో పెట్టాడు. "పైగా అదుంటేనే నా కథ తెలుస్తాది. ఏం పోయిందో తెలీకుంటే, నేను నిలబెట్టింది ఎవురికి తెలుస్తాది?"

ఇంటికి వచ్చేదాకా ఆటోలో నేను పుస్తకం మళ్లీ తెరవలేదు. నా భార్య మాత్రం మూడుసార్లు "బాగుండాది" అంది. ఏది బాగుందో నేను అడగలేదు.

తరువాత ఫోనులు మొదలయ్యాయి. నా పట్టిక చూసి పుస్తకం కొన్నామన్నవారు కొందరు. ఒకాయన నిండు సందేహంతో అడిగాడు: "సార్, కుడిపక్కది కల్పన గదా? ఒకడు వద్దంటే దేశం మొత్తం ఆగిపోయేదేంది సార్, నమ్మేటట్లు లేదే!" కుడిపక్కదే నిజమని ఎంత చెప్పినా ఆయన మర్యాదకోసం ఊకొట్టాడే తప్ప నమ్మినట్టు లేదు. నేను కాపాడదలచుకున్న వరుసనే జనం కథ అంటున్నారు.

అయితే నన్ను నిజంగా దెబ్బకొట్టినది వేరే ఫోను. నా పూర్వ విద్యార్థి, ఇప్పుడు శ్రీసిటీలో ఒక ఫ్యాక్టరీలో పని చేస్తున్నాడు. కంపెనీ బస్సులో వెళ్తూ వస్తూ పుస్తకం చదివాడట.

"సార్, ఒకటి అడగొచ్చా? ముందుమాటలో 1652, 1655 తరవాత 1638 ఉండాది సార్. వియన్నా కాడ. వరస తప్పింది గదా?"

"1683."

"1638 ఉండాది సార్. రెండు పక్కలా."

"ఉండదు."

"నా చేతిలో ఉండాది సార్," అన్నాడు చాలా వినయంగా. జవాబుపత్రం మీద ఎర్రసిరా చుట్టు ఎలా ఉంటుందో అప్పుడు నాకు తెలిసింది.

తెరిచి చూశాను. 1638. నేను పంపిన కాగితం నకలు తీసి చూశాను. అందులో 1683 అనే ఉంది. తప్పు కంపోజింగులో జరిగింది. ఆవిష్కరణనాడు పెద్దాయన చదివినది నా చేతిరాత కాగితం; అచ్చులోని పట్టికను కోపంలో నేను చూశానే తప్ప సరిచూడలేదు. కాని కింద ఉన్నది నా పేరు. "కుడివైపు వరుసకు పూచీ" అని రాసుకున్నది నేను. ఆ వరుసలోనే ఒక తేదీ తప్పు.

మరునాడు ఉదయం బస్సెక్కి నగరి వెళ్లాను. ఆ నాలుగు పేజీలు చింపించాలన్న సంకల్పంతోనే వెళ్లాను. మగ్గాలు ఉండిన షెడ్డులో, ఒకప్పుడు గుడ్డ తానులు పేర్చిన చెక్కల మీద పుస్తకాల కట్టలు ఉన్నాయి. సంగతి చెప్పాను.

"చింపెయ్ బావా," అన్నాడు. "నీ పేజీలు, నీ ఇష్టం. నువ్వు వద్దంటే వద్దు." కత్తెర తెచ్చి నా ముందు పెట్టాడు. ఎగతాళి లేదు. కట్టల తాళ్లు కూడా అతడే విప్పసాగాడు.

నేను ఒక ప్రతి తీసి తెరిచాను. చింపితే నా పేరు పోతుంది. కాని ఆ తరువాత ఉండేది మొత్తం ఎడమవైపు వరుసే. 1652లో ఏం జరిగిందో, 1795లో ఏం మిగిలిందో చెప్పే మాట ఒక్కటీ ఆ పుస్తకంలో ఉండదు. చింపకపోతే, వియన్నా నలభై అయిదేళ్లు వెనక్కి జరిగి కూర్చుంటుంది, నా సంతకంతో. కత్తెర పట్టుకుని ఎంతసేపు ఉన్నానో చెప్పలేను. నేను లెక్క పెట్టుకోని కొద్ది సందర్భాలలో అది ఒకటి.

"ఎర్రసిరా పెన్ను ఉందా?" అన్నాను.

లేదు. నల్లది ఉంది. పక్కింటి నుంచి ఎర్రది తెప్పించాడు. చాప వేశాడు. అతడు ప్రతి ఒక్కటీ తెరిచి ఆ పుట వరకు విప్పి పట్టుకుంటాడు. నేను రెండు వరుసలలోనూ 38ని కొట్టేసి, పైన 83 వేసి, అంచున నా పేరు పొడి అక్షరాలు పెడతాను. సిరా ఆరేదాకా అతడు దాన్ని తెరిచి పక్కన పెడతాడు. షెడ్డు నేల నిండా తెరిచిన పుస్తకాలు.

"ఇంగ నువ్వు ప్రతి పుస్తకం మీదా సంతకం చేసినట్లే బావా," అన్నాడు కొంతసేపటికి.

"సంతకం కాదు. సవరణ."

"రాసుకున్నా."

"నోరు మూసుకుని పుట తిప్పు."

భోజనానికి పిలిచారు. లేవలేదు. లేస్తే ఏ కట్ట అయింది, ఏది కాలేదు అన్నది కలిసిపోతుంది. అప్పుడు గుర్తొచ్చి అడిగాను: ఆవిష్కరణనాడు ఇచ్చినవి, ఆ తరువాత అమ్మినవి ఎవరెవరికి వెళ్లాయి? వారి చిరునామాలు కావాలి, వారికి సవరణ పంపాలి.

"యాడ రాసుకుంటా బావా? వచ్చినోళ్లకు ఇచ్చినా. చెన్నైకి గూడా పోయుంటాయి కొన్ని."

అంటే అవి తిరిగి రావు. ఎవరి అలమరలోనో, ఎవరి చేతిలోనో 1638 అలాగే ఉంటుంది. దాని కింద నా పేరు ఉంటుంది. దానికి నేను చేయగలిగినది ఏమీ లేదు. ఆ మాట అతడితో అన్నాను, కొంచెం గట్టిగానే. అతడు తల ఊపి, తరువాతి ప్రతి తెరిచి, ఆ పుట మడత పడకుండా రెండు బొటనవేళ్లతో అదిమి నా ముందు పట్టుకున్నాడు.